పాత కారు నోట్లో గుడ్డలు కుక్కకండి

ఎడిటర్ గారికి,

నమస్కారమండీ. మీ వాహనాల పేజీ నేను ఒక్క వారం కూడా వదలను. ఈమధ్య పాత కార్లు కొనేవాళ్ల కోసం అందులో కొన్ని సలహాలు వేశారు. బాగానే ఉన్నాయి కానీ, "కొనగానే లోపలంతా సౌండ్ మ్యాట్లు వేయించుకోండి, కారు నిశ్శబ్దం అయిపోతుంది" అన్న ఒక్క ముక్క దగ్గర మాత్రం నాకు ఊరుకోబుద్ధి కాలేదు. అది అబద్ధమని కాదు. ఆఖర్న చెప్పాల్సిన మాట మొదట చెప్పారు, అంతే. సరిగ్గా ఆ పనే మొదట చేసి, నాలుగు సెలవు రోజులూ కొంత డబ్బూ తగలేసి, అతికించినదాంట్లో సగం మళ్లీ నా చేత్తోనే పీక్కున్నవాణ్ణి కాబట్టి, ఇంకొకరైనా ఆ పని చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నాది 1960ల్లో తయారైన కారు. నాలుగు సిలిండర్లు, గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ ఒకటి, పాయింట్లతో (కరెంటుని కలిపి విడదీసే రెండు బిళ్లలు) నడిచే ఇగ్నిషన్, వెనక చక్రాలకు డ్రైవు. పేరు చెప్పను. చెబితే అసలు సంగతి పక్కకు పోయి ఆ మోడల్ గొప్పదా పక్క కంపెనీది గొప్పదా అని తగువు మొదలవుతుంది, ఈ పిచ్చి ఉన్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. పాత యజమాని దాన్ని బాగా చూసుకున్నారు, అంటే బాగా తుడుచుకున్నారు. క్రోమ్ మెరుస్తోంది, సీట్లు కొత్తవి, రంగులో ముఖం చూసుకోవచ్చు. నడపడం మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ నడపలేదు. తెచ్చుకున్న రోజే తెలిసింది, గంటకు 60 కిలోమీటర్లు దాటితే పక్క సీట్లో మనిషితో అరిచి మాట్లాడాలి. ముందు నుంచి టకటక, కింద నుంచి బొయ్యిమని ఒక మోత, వెనక నుంచి సన్నగా ఒక కూత, గేరు వేసి కాలు తీసినప్పుడల్లా కింద ఎక్కడో ఠంగుమని ఒక దెబ్బ, ఇవి చాలవన్నట్టు డ్యాష్‌బోర్డులో కిర్రుకిర్రు. సిగ్నల్ దగ్గర ఆగితే స్లో స్పీడు నిలవదు, ఎక్సెలరేటర్ మీంచి కాలు తీస్తే ఆగిపోతుంది. మా ఆవిడ దిగుతూ ఒకటే అడిగింది, "ఏమండీ, కొనేముందు మీరు దీన్ని చూశారా, విన్నారా?"

చూశాను. వినలేదు.

ఇక నేను చేసిన మొదటి పని, సీట్లూ కార్పెట్టూ పీకేసి నేల మొత్తం, తలుపుల లోపల, ఇంజన్‌కీ మనకీ మధ్య ఉండే రేకు గోడ మీద, అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీట్లు, అవే సౌండ్ మ్యాట్లు, వేలెడు ఖాళీ లేకుండా అతికించడం. అతికించాక రుద్దడానికి ఒక చిన్న చేతి రోలర్ ఉంటుంది, ఆ హడావుడిలో దాన్ని కూడా ఎక్కడో పారేసుకున్నాను. రెండో పని, స్లో స్పీడు నిలవట్లేదు కదా అని కార్బురేటర్ మీద కంటికి కనిపించిన స్క్రూలన్నీ తిప్పడం. ఏది ఎన్ని చుట్లు తిప్పానో రాసుకోలేదు, దాన్ని మూడో పనిగా లెక్కేసుకోండి. మోత కొంచెం తగ్గిన మాట నిజమే. టకటక కాస్త దూరం జరిగినట్టయింది, బొయ్యిమనేది మాత్రం అలాగే ఉంది, బండి మునుపటికన్నా బద్ధకంగా తయారై వెనక నల్లటి పొగ వదలడం మొదలుపెట్టింది. వారం తర్వాత ఒక గంటసేపు ప్రయాణం చేసి దిగేసరికి ఇద్దరికీ తలనొప్పి. లోపల కాస్త పొగ వాసన. పాత కారు కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాం.

అలా ఉండదు, ఉండకూడదు. ఇంజన్‌లోంచి పొగ బయటికొచ్చే మానిఫోల్డు దగ్గర ప్యాకింగ్ కాలిపోయి ఉంది. నేను టాపెట్ల (ఇంజన్‌లో గాలికీ పొగకీ తలుపుల్లాంటి వాల్వుల్ని కదిపే భాగాలు) చప్పుడనుకున్న టకటక అసలు అదే. దాని గుర్తేమిటంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వినిపించి, వేడెక్కి ఇనుము వ్యాకోచించే కొద్దీ సద్దుమణుగుతుంది. ఆ పొగ బానెట్ కింద చేరి, రేకు గోడలో వైర్లు దూరే ఒక రంధ్రానికి రబ్బరు గ్రామెట్ (రంధ్రం అంచుకి వేసే రింగు) లేక, అందులోంచి లోపలికి వస్తోంది. నేను ఆ రంధ్రం చుట్టూ షీటు ఎంతో ముచ్చటగా గుండ్రంగా కత్తిరించి అతికించాను, రంధ్రాన్ని మాత్రం వదిలేశాను. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మాకు తగిలింది సరిగా కాలని పెట్రోలు వాసన. అంటే నేను స్క్రూలు అడ్డదిడ్డంగా తిప్పి మిక్స్చర్ (గాలీ పెట్రోలూ కలిసే పాళ్లు) పాడు చేయడం వల్లే మాకు ఆ వాసన తెలిసిందన్నమాట, ఈ ముక్క తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో భయపడాలో తెలియదు.

అప్పుడు బండిని ఇలాంటి ఇంజన్ల మీద తల పండిన ఒక మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. తలుపు తీసి, కార్పెట్ పక్కకి లాగి, నా వెండి రంగు షీట్లు చూసి, "ముందే దాని నోట్లో గుడ్డలు కుక్కేశారు కదా సార్, ఇప్పుడు ఎక్కడ నొప్పో అదెలా చెబుతుంది?" అన్నారు.

ఆయన చేసిన మొదటి పని నా పక్కన కూర్చుని నాతోనే బండి నడిపించడం. ఒక్కో చప్పుడుకీ ఒకటే ప్రశ్న వేసేవారు, ఇది ఇంజన్ స్పీడుతో మారుతోందా, చక్రాల స్పీడుతో మారుతోందా, లేక మనం ఎక్సెలరేటర్ తొక్కడం వదలడంతో మారుతోందా అని. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో రేజ్ చేస్తే వచ్చేది ఇంజన్‌దీ ఎక్జాస్ట్‌దీ. ఖాళీ రోడ్డు మీద 60లో వెళ్తూ ఇంజన్ ఆపకుండా న్యూట్రల్ చేస్తే (ఆపితే స్టీరింగ్ లాక్ పడే బండ్లున్నాయి, ఆ పని చేయకండి) ఇంకా మిగిలి ఉండేది టైర్లదీ బేరింగులదీ గాలిదీ. ఎడమ వైపు మలుపు తిరిగినప్పుడు గుయ్‌మనే చప్పుడు పెరిగితే బరువు కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి కుడి బేరింగ్‌ని అనుమానించాలి. కాలు తొక్కితేనే వచ్చి వదిలితే పోయే కూత వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ అనే గేర్లది. వదిలి మళ్లీ తొక్కినప్పుడు ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక చక్రాలకు తీసుకెళ్లే కడ్డీ) కీలు, అదే క్రాస్. అరగంటలో మా బండి కూతలన్నిటికీ ఆయన చిరునామాలు రాసేశారు, ఒక్క స్పానర్ కూడా తీయకుండా.

ఎడిటర్ గారూ, ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ట్యూనింగ్ ఒక పని, నిశ్శబ్దం చేసుకోవడం ఇంకో పని అన్నట్టు అందరూ రాస్తారు. పాత కారులో ఆ రెండూ ఒకటే పని. సరిగా సెట్ కాని ఇంజన్ ఎక్కువ ఊగుతుంది, ఊగేది రేకుల్ని మోగిస్తుంది, ఆ మోతని మనం షీట్లతో కప్పుతాం. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు మండుతుంది, అంటే 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 100 దెబ్బలు. అందులో ఒక సిలిండర్ దెబ్బ మిగతా మూడింటికన్నా మెత్తగా పడిందా, ఆ కుంటి నడక కారంతా తెలుస్తుంది.

ఆయన ట్యూనింగ్ పెట్టుకున్న వరస నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే నేను మొట్టమొదట చెయ్యి పెట్టిన కార్బురేటర్ ఆయన లిస్టులో చిట్టచివర ఉంది. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూశారు. ఇంజన్ వేడిగా ఉండగా ప్లగ్గులన్నీ విప్పి, త్రాటిల్ పూర్తిగా తెరిచి, స్టార్టర్‌తో తిప్పుతూ ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టారు. అంకె ఎంతన్నదానికన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యమట, 10 శాతం లోపు తేడా ఉంటే దిగులు లేదు. మా మూడో సిలిండర్ బాగా తక్కువ చూపించింది. అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూశారు. ఆయిల్ పోశాక పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వు కారుతున్నట్టు. పెరగలేదు. నా గుండె జారింది, ఇంజన్ పై భాగం, అదే హెడ్, విప్పాలేమోనని.

తర్వాత టాపెట్లు. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నిశ్శబ్దం మీద మోజుతో జనం చేసే అన్యాయం ఇక్కడే ఉంది. వాల్వుని నొక్కే రాకర్‌కీ వాల్వు కాడకీ మధ్య ఒక సన్నటి సందు ఉండాలి, చాలా ఇంజన్లలో అది 0.25 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, ఏ ఇంజన్‌కి ఎంత, చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా అన్నది దాని పుస్తకం చూసుకోవాలి. సందు ఎక్కువైతే టకటకమంటుంది. తక్కువైతే చప్పుడే ఉండదు, కానీ వేడెక్కి కాడ పొడుగైనప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వు తన వేడిని వదిలించుకునేదే మూసుకుని తన సీటుకి, అంటే అది కూర్చునే అంచుకి, ఆనినప్పుడు. ఆనకపోతే, అందులోనూ ఎక్జాస్ట్ వాల్వయితే, అంచు కాలిపోతుంది. మా మూడో సిలిండర్ ఎక్జాస్ట్ వాల్వు దగ్గర, సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో అన్నిటికన్నా పల్చటి రేకు కూడా దూరలేదు. మిగతావి కూడా ఉండాల్సినదానికన్నా బిగువే. అంటే మాకంటే ముందే ఎవరో టకటక వినలేక టాపెట్లు బిగించి బండిని అమ్మకానికి పెట్టారు. గుడ్డలు కుక్కింది నేనొక్కణ్ణే కాదన్నమాట.

నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు ఉన్న చాలా పాత ఇంజన్లలో ఒక తొమ్మిది లెక్క పనిచేస్తుంది. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, మూడోది తెరుచుకుంటే ఆరోది, అలా రెండూ కలిపితే తొమ్మిది రావాలి. ఎంత హాయి, పెన్నూ కాగితం అక్కర్లేదు. ఎనిమిదీ సెట్ చేసి మళ్లీ కంప్రెషన్ చూస్తే మూడోది దాదాపు మిగతావాటి పక్కకి వచ్చేసింది. వాల్వు ఇంకా కాలలేదు. టాపెట్ల చప్పుడు మాత్రం కొంచెం పెరిగింది, ఆయన దానికి చాలా సంతోషపడ్డారు, నేనూ సంతోషం నటించాను.

మూడోది పాయింట్లు. ఈ పద్ధతి అమెరికన్ ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో తెచ్చింది, 1970ల్లో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అంతటా వచ్చేదాకా ప్రపంచంలో చాలా కార్లు దాని మీదే నడిచాయి. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లోని అయస్కాంత శక్తి కుప్పకూలి, ఆ దెబ్బకి వేల వోల్టులు పుట్టి ప్లగ్గు దగ్గర నిప్పు రవ్వ పడుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఈ తంతు నిమిషానికి 6000 సార్లు జరగాలి, ఒక చిన్న స్ప్రింగూ రెండు లోహపు బిళ్లలూ ఆ పని చేస్తాయంటే నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు. మా బిళ్లలు ఒక వైపు గుంట, ఒక వైపు మిట్ట పడి ఉన్నాయి, పాయింట్ల దగ్గర మెరుపు రాకుండా చూసే కండెన్సర్ పోయిందనడానికి అది గుర్తట. రెండూ మార్చి, సందు పుస్తకంలో ఉన్నట్టు పెట్టారు. ఆ తర్వాతే టైమింగ్, అంటే నిప్పు రవ్వ ఎప్పుడు పడాలన్నది. ఈ వరస తప్పకూడదు, ఎందుకంటే పాయింట్ల సందు కదిలితే టైమింగూ కదులుతుంది, సందు పెరిగితే నిప్పు ముందుకి, తగ్గితే వెనక్కి. టైమింగ్ ముందు పెట్టి పాయింట్లు తర్వాత ముట్టుకుంటే మళ్లీ మొదటికే.

నిప్పు రవ్వ పడ్డప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైటు పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఇంజన్ రేజ్ చేసే కొద్దీ పుల్లీ మీద గుర్తు ముందుకి జరగాలి, మాది ఉన్నచోటే కూర్చుంది. ప్లగ్గులకి వరసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల, వేగాన్ని బట్టి నిప్పుని ముందుకి జరిపే బరువులు తుప్పుతో పట్టేశాయి. ఇంజన్ గాలి లాగుడుని బట్టి అదే పని చేసే, పక్కనున్న వ్యాక్యూమ్ డబ్బా గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే లోపలి ప్లేటు కదిలి అలాగే నిలవాలి, మాది పీల్చేకొద్దీ గాలి వస్తూనే ఉంది, పొర చిరిగిపోయింది. బండి బద్ధకానికి కారణం అక్కడ కూర్చుని ఉంటే నేను కార్బురేటర్‌ని తిట్టుకుంటూ తిరిగాను. ఇంకో మాట, పుస్తకంలో రాసిన టైమింగ్ ఆ కాలపు పెట్రోలుకి రాసింది. ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కినప్పుడు గాజుగోళీలు గలగలలాడినట్టు చప్పుడొస్తే అది నాకింగ్, టైమింగ్ కాస్త వెనక్కి తేవాలి.

అప్పటికి గానీ ఆయన కార్బురేటర్ వైపు తిరగలేదు, అప్పుడు కూడా ముందు గాలి ఎక్కడైనా దొంగతనంగా దూరుతోందా అని చూశారు. బ్రేకు తొక్కడం తేలిక చేసే సర్వోకి వెళ్లే రబ్బరు గొట్టం గట్టిపడి చిట్లి ఉంది. దాన్ని మార్చగానే స్లో స్పీడు దానంతటదే నిలబడింది! నేను రెండు పూటలు తిప్పిన స్క్రూలకీ ఆ జబ్బుకీ సంబంధమే లేదు. మాది ఎస్‌యూ రకం కార్బురేటర్, గాలి లాగుడుని బట్టి లోపల పిస్టన్ పైకీ కిందికీ కదిలేది. దాని డబ్బాలో కొంచెం పల్చటి ఆయిల్ ఉండాలి, మా దాంట్లో చుక్క లేదు, అందుకే ఒక్కసారిగా తొక్కితే తడబడేది. మిక్స్చర్ చూడడానికి పిస్టన్‌ని ఒక మిల్లీమీటర్ లోపే పైకి లేపుతారు. ఇంజన్ స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు, పడిపోయి ఆగిపోబోతే తక్కువైనట్టు, ఒక్క క్షణం కొంచెం పెరిగి మళ్లీ మామూలుకి వస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు కార్బురేటర్లు ఉన్నవాళ్లయితే ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండో కొస ఒక్కోదాని నోటి దగ్గర పెట్టి, రెంటి బుస్సుమనే శబ్దమూ ఒకేలా ఉండేదాకా సర్దుకుంటారు.

పెట్రోలు గురించి రెండు ముక్కలు. 14.7 భాగాల గాలికి ఒక భాగం పెట్రోలు పూర్తిగా కాలుతుంది, బరువు లెక్కన. 10 శాతం ఇథనాల్ కలిస్తే ఆ అంకె దాదాపు 14.1 అవుతుంది, అంటే పాత జెట్టుతో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) పాత సెట్టింగులోనే ఉంచితే ఇంజన్‌కి ఇంధనం కొంచెం తక్కువ పడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని చెడగొడుతుంది. వేడి ఎక్జాస్ట్ మీద పెట్రోలు కారడం అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కొన్న వారంలో డబ్బు పెట్టాల్సింది సౌండ్ మ్యాట్లకి కాదు, ఇథనాల్‌కి తట్టుకునే పైపులకి. ఇక సీసం కలిపిన పెట్రోలు సంగతి, అది 2021లో ప్రపంచంలో ఆఖరి దేశంలో కూడా బంకుల్లోంచి పోయింది. మెత్తటి వాల్వు సీట్లు ఉన్న పాత హెడ్లలో ఆ సీసమే ఎక్జాస్ట్ వాల్వు సీట్లని కాపాడేది, ఇప్పుడు ఆ సీట్లు మెల్లగా లోపలికి అరిగి టాపెట్ సందు దానంతటదే తగ్గిపోతూ ఉంటుంది. అంటే చప్పుడు చేయకుండా! అందుకే టాపెట్లు అప్పుడప్పుడు కొలుచుకోవాలి, చెవితో విని ఊరుకుంటే సరిపోదు.

ఇంతవరకూ ఒక్క మ్యాటు కొత్తగా వేయలేదు, ఎక్జాస్ట్ ప్యాకింగ్ మాత్రం మార్చారు. బండి స్టార్ట్ చేస్తే మా ఆవిడ, "ఆన్ అయిందా?" అని అడిగింది. అతిశయోక్తి కాదు, అంత తేడా.

మిగిలిన చప్పుళ్లు ఒక్కొక్కటీ తీసుకున్నాం. సైలెన్సర్ బయటికి బాగానే ఉంది, తడితే లోపల గలగలమంది, లోపలి పలకలు తుప్పుపట్టి రాలిపోయాయి. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి, బండి చిన్న చిన్న దూరాలే తిరిగితే ఆ నీళ్లు ఆవిరి కాక సైలెన్సర్‌లోనే మిగిలి లోపలి నుంచి తినేస్తాయి. తుడిచి దాచుకున్న బండ్లకే ఈ జబ్బు ఎక్కువ. బొయ్యిమనే మోతకి కారణం ఇంజన్‌ని కూర్చోబెట్టే రబ్బరు మౌంటింగులూ, ఎక్జాస్ట్ వేలాడే రబ్బర్లూ. రబ్బరు పేరుకే రబ్బరు, గోరు దిగట్లేదు, చెక్కలా అయిపోయింది. అవి మార్చాక ఆ మోత మాయం. క్రాస్ మార్చాం, ఠంగు పోయింది. వెనక యాక్సిల్ కూత అయితే సిగ్గుచేటు, అందులో ఆయిల్ సగమే ఉంది, నింపాక బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. టైర్ల గీతలు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి గానీ పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో ఆఖరి రెండూ తయారైన సంవత్సరం, అది చూస్తే గుండె గుభేలుమంది. గట్టిపడ్డ టైరు మోగుతుంది కూడా, తడి రోడ్డు మీద జారుతుంది కూడా.

ఇప్పుడు రండి మ్యాట్ల దగ్గరికి. వాటికి నేను శత్రువుని కాదు, పద్ధతి తెలియక వేసుకోవడం గురించే నా గోల. ఒక గోడ ఎంత గొప్పదైనా దాని వైశాల్యంలో 1 శాతం రంధ్రం ఉంటే శబ్దం 20 డెసిబెల్స్ మించి తగ్గదు, మిగతా 99 శాతం మీద మీరు ఎంత బరువు అతికించినా సరే. కాబట్టి ముందు రంధ్రాలు. పెడల్స్ దూరే చోటు, గేరు కాడ కింద రబ్బరు తొడుగు, వైర్ల గ్రామెట్లు, ఇవన్నీ మూస్తే శబ్దమే కాదు పొగా రాదు. తర్వాత తలుపుల రబ్బర్లు. ఒక కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలీ చప్పుడూ కూడా జారుతున్నట్టే. ఆ తర్వాత బ్యూటైల్ షీటు. అది శబ్దాన్ని ఆపే గోడ కాదు, రేకు మోగకుండా పట్టుకునే చెయ్యి. వేలి కణుపుతో రేకు తట్టండి, టంగుమంటే మధ్యలో ఒక ముక్క వేయండి, దబ్బుమంటే వదిలేయండి. రేకులో పావు వంతో మూడో వంతో కప్పితే పనిలో ఎక్కువ భాగం అయిపోతుంది, నాలాగా వేలెడు ఖాళీ లేకుండా వేస్తే బరువు తప్ప పెద్దగా ఒరిగేది లేదు. గాలిలోంచి వచ్చే శబ్దాన్ని ఆపాలంటే దాని మీద బరువైన వినైల్ పొర, దాని కింద మెత్తటి ఫోమ్. చౌకగా వస్తుందని ఇళ్ల పైకప్పులకి వేసే తారు టేపు వేసినవాళ్లని చూశాను, ఎండకి కరిగి కారి, ఆ కంపు సీట్లకి పట్టింది. తలుపుల అడుగునా నేలలోనూ నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి, వాటిని మాత్రం మూయకండి. మూస్తే నిశ్శబ్దంగా తుప్పు పడుతుంది. నేను రెండు మూసేశాను, షీట్లు పీకాల్సి రావడానికి అదీ ఒక కారణం.

అంతా అయ్యాక ఫోన్‌లో యాప్ పెట్టి అదే రోడ్డు మీద అదే వేగంతో చూస్తే మొదటికన్నా 8 డెసిబెల్స్ తగ్గింది. ఫోన్ లెక్క నిఖార్సైనది కాదు, పోల్చుకోవడానికి సరిపోతుంది. 10 తగ్గితే మన చెవికి సగం అయినట్టు అనిపిస్తుంది కాబట్టి ఇది తక్కువేం కాదు.

ఒక మాట. పాత కారు అంటేనే మోత అని కుర్రాళ్లు అనుకుంటారు, అది కూడా నిజం కాదు. సైలెన్సర్ మీద రీవ్స్ సోదరుల పేటెంట్ 1897 నాటిది. రోల్స్ రాయిస్ వాళ్లు 1907లో ఒక కారుకి సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టిందే దెయ్యంలా చప్పుడు లేకుండా వెళ్తుందని. కాడిలాక్ 1928లో గేర్లు కిర్రుమనకుండా సింక్రోమెష్, 1930లో పదహారు సిలిండర్ల వీ16 ఇంజన్‌లో వాల్వు సందుల చప్పుడు వినబడకుండా ఆయిల్ ఒత్తిడితో పనిచేసే ఏర్పాటు తెచ్చింది. కాకపోతే అప్పట్లో నిశ్శబ్దం బాగా డబ్బున్నవాళ్ల సరుకు. మాలాంటి మామూలు కార్లలో మొదటి గేరు పళ్లు నిలువుగా కోసినవి, అది కూస్తుంది, పుట్టుకతో వచ్చిన గొంతు. దాన్ని మార్చాలని ఎవరైనా గేర్‌బాక్స్ విప్పుతానంటే విప్పనివ్వకండి. అలాగే ఇంజన్ అడుగు నుంచి బరువుగా డబ్ డబ్ అని కొట్టుకున్నా, బ్రేకు తొక్కితే ఇనుము గీసినట్టు వినిపించినా దాన్ని ఏ మ్యాటుతోనూ కప్పకండి, బండి పక్కకి తీసి ఆపండి.

మీకు నా విన్నపం ఒకటే. మళ్లీ ఆ సలహాలు వేసేటప్పుడు, కంప్రెషన్, టాపెట్లు, పాయింట్లు, టైమింగ్, గాలి లీకులు, కార్బురేటర్, ఆ తర్వాత రబ్బర్లు, రంధ్రాలు, అన్నిటికన్నా ఆఖర్న మ్యాట్లు అని ఒక చిన్న బాక్సు కట్టి వేయండి. మీ పేజీ చూసి బండి కొనేవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు.

ఇంకో సంగతి చెప్పి ముగిస్తాను. మోతంతా తగ్గాక, మొన్న మలుపు తిరుగుతుంటే ఎడమ తలుపులో ఏదో దొర్లినట్టు మా ఆవిడకి వినిపించింది. అంతకు ముందు ఆ గోలలో వినబడే అవకాశమే లేదు. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే లోపల అడుగున, నేను పారేసుకున్న ఆ రోలర్.

ఇట్లు,
మీ పాఠకుడు